విలియమ్సన్‌ని తీసేసి ట్రూప్‌ని పెట్టడం న్యాయమేనా? (పుల్ట్నీ ఎస్టేట్, న్యూయార్క్, 1801)

జెనెసీవాసి | శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం పిల్లల్ని తీసుకుని బాత్ అనే ఊరికి వెళ్ళొచ్చాం, మా రోచెస్టర్ నుంచి దక్షిణంగా కారులో గంటన్నర లోపే. ఊరి మధ్యలో పచ్చికతో ఒక చౌక్ ఉంటుంది, దాని పేరు పుల్ట్నీ స్క్వేర్, పక్కనే కోర్టు బిల్డింగు, చర్చి. పిల్లలు ఆడుకుంటుంటే నేను అక్కడే కూర్చుని ఆలోచించా, ఈ ఊరు కట్టిన మనిషి పేరు చౌక్‌కి లేదు, డబ్బు పెట్టినాయన పేరే ఉంది, ఆయన ఒక్కసారి కూడా సముద్రం దాటి ఇక్కడికి వచ్చింది లేదు.

తెలియని వాళ్ళ కోసం కథ కొంచెం చెప్తా. 1791లో లండన్లో ముగ్గురు కలిసి పశ్చిమ న్యూయార్క్‌లో సుమారు 12 లక్షల ఎకరాలు కొన్నారు, 75 వేల పౌండ్లకి. అమ్మింది రాబర్ట్ మోరిస్, ఆయన తరఫున లండన్లో బేరం కుదిర్చింది బెంజమిన్ ఫ్రాంక్లిన్ మనవడు. మొత్తం 12 వాటాల్లో సర్ విలియం పుల్ట్నీవి 9, విలియం హార్న్‌బీవి 2, పాట్రిక్ కల్‌హౌన్‌ది 1. అక్కడికి ఏజెంటుగా చార్ల్స్ విలియమ్సన్ అనే స్కాట్లాండ్ మాజీ సైనికాధికారిని పంపారు. తొమ్మిదేళ్ళు ఆయన ఆ అడవిలో రోడ్లు కొట్టించాడు, ఊళ్ళు కట్టించాడు, మిల్లులు, హోటలు, పత్రిక, అన్నీ. 1801లో ఆయన్ని తప్పించి రాబర్ట్ ట్రూప్ అనే న్యూయార్క్ లాయర్‌ని కూర్చోబెట్టారు. నా మనసులో మాట చెప్తున్నా, ఇది అన్యాయం. మీరేమంటారు?

---

లెక్కలమాస్టారు | శనివారం రాత్రి 9:15

అన్యాయం ఎలా అవుతుందండీ? లెక్కలు చూడండి ముందు. 1800 చివరికి విలియమ్సన్ ఖర్చు సుమారు 13 లక్షల 70 వేల డాలర్లు. భూముల మీద వచ్చిన రాబడి దాదాపు లక్షా 48 వేలు. అంటే రూపాయి పెడితే పదకొండు పైసలు కూడా వెనక్కి రాలేదు. భూమి కొన్నదే 75 వేల పౌండ్లు, ఎకరానికి 15 పెన్నీలు పడింది, అలాంటి భూమి మీద కొన్న ధరకి ఎన్నో రెట్లు ఖర్చు పెట్టిన మనిషిని ఏ యజమాని ఉంచుకుంటాడు చెప్పండి. నేను ముప్పై ఏళ్ళు ఆడిట్ చేశాను, ఇలాంటి పుస్తకం నా ముందుకొస్తే మూడో ఏడే ఆపించేవాణ్ణి. తొమ్మిదేళ్ళు భరించడం పుల్ట్నీ ఓర్పు.

---

జెనెసీవాసి | శనివారం రాత్రి 9:31

మాస్టారూ మీరు ఒక పక్కే చదివారు. అదే లెక్కల్లో అమ్ముడుపోని భూమి, రావలసిన బాకీలు కలిపి 35 లక్షల డాలర్ల పైచిలుకు ఆస్తి చూపించారు కదా, దాన్ని ఎందుకు వదిలేశారు?

---

లెక్కలమాస్టారు | శనివారం రాత్రి 9:40

అది అంచనా బాబూ, చేతిలో డబ్బు కాదు. 1796, 97 నాటికి అమెరికా అంతటా భూముల బేరాలు కుప్పకూలాయి. ఈ భూమి అమ్మిన రాబర్ట్ మోరిస్, విప్లవ యుద్ధానికి (అమెరికా స్వాతంత్ర్య పోరు) డబ్బు సర్దిన అంతటి మనిషి, 1798లో ఫిలడెల్ఫియాలో అప్పులవాళ్ళ జైలుకి వెళ్ళాడు. అలాంటి రోజుల్లో కాగితం మీద 35 లక్షలు చూపిస్తే లండన్లో ఎవరికి ధైర్యం వస్తుంది.

---

చింటూ_కాకినాడ | శనివారం రాత్రి 10:02

అన్నా ఒక డౌట్, నేను ఈ టాపిక్‌కి కొత్త. ఏజెంటు నచ్చకపోతే ఒక లెటర్ రాసి తీసేయొచ్చు కదా, దీనికి ఇంత గొడవ ఎందుకు అయ్యింది? తొమ్మిదేళ్ళు ఎందుకు ఆగారు?

---

వకీల్‌సాబ్_హన్మకొండ | శనివారం రాత్రి 10:48

మంచి ప్రశ్న అడిగినవ్ తమ్మీ, అసలు కత అంత గీడనే ఉన్నది. అప్పటి న్యూయార్క్ చట్టంల పరదేశోడు భూమి పట్టా తన పేరు మీద పెట్టుకోనీకి లేదు. పుల్ట్నీ, హార్న్‌బీ, కల్‌హౌన్ ముగ్గురు బ్రిటిషోళ్ళే. మరెట్ల? విలియమ్సన్ 1792 జనవరిల ఫిలడెల్ఫియాల అమెరికా పౌరసత్వం తీస్కున్నడు, ఏప్రిల్‌ల మోరిస్ ఆ మొత్తం భూమిని విలియమ్సన్ పేరు మీద దస్తావేజు చేసిండు. లోపల మాట ఒకటే, పైసలు వాళ్ళయి, పేరు ఈయనది. మన దిక్కు దాన్ని ఏమంటరో చెప్పాల్నా? బినామీ.

ఇగ చూడు, నౌకరీల కెళ్ళి తీసేస్తవు సరే, కానీ కాగితం మీద మాలికే ఆయన. ఆయన సంతకం లేకుంటే గుంట భూమి కూడ నీది కాదు. ఆయన సచ్చిపోతే ఆయన వారసులకు పోతది. అందుకే లండనోళ్ళు ఖర్చు చూసి కడుపు మండినా మెల్లగ పోయిన్రు. 1798 ఏప్రిల్ 2 నాడు న్యూయార్క్ అసెంబ్లీ ఒక చట్టం చేసింది, పరదేశోళ్ళు మూడేండ్ల లోపల భూమి తమ పేరున తీస్కోవచ్చని. గా మూడేండ్లు ఎప్పుడు అయిపోతయి? 1801 ఏప్రిల్. విలియమ్సన్ పుల్ట్నీ పేరున దస్తావేజు రాసిచ్చింది ఎప్పుడు? 1801 మార్చిల. ట్రూప్ ఏజెంట్ అయింది ఎప్పుడు? అదే సాల్ల. జర వరుసగ పెట్టి చూడున్రి.

నా అభిప్రాయం అయితే విలియమ్సన్ మీద ఒక్క మాట పడనియ్య. గంత ఆస్తి తన పేరు మీద ఉన్నది, గడువు దాటేదాక సతాయించి, మొండికేసి, నేనే ఓనర్ అనొచ్చు, కోర్టులల్ల ఇరవై ఏండ్లు నడిపించొచ్చు. అనలే. సంతకం పెట్టి ఇచ్చిండు. గిసొంటి మనిషిని నేను నా ముప్పై ఏండ్ల ప్రాక్టీసుల వేళ్ళ మీద లెక్కపెట్టిన.

---

చింటూ_కాకినాడ | శనివారం రాత్రి 10:55

వామ్మో. ఇప్పుడు అర్థమైంది సార్. థాంక్స్.

---

గోదారిపిల్ల | శనివారం రాత్రి 11:20

వకీలు గారూ మీరు రాసింది చదివి నిద్ర పట్టేట్టు లేదు. మా ఇంట్లో జరిగింది చెప్తా, పేర్లు వద్దు. మా నాన్నగారు గల్ఫ్‌లో ఉన్నప్పుడు ఊళ్ళో ఎకరంన్నర స్థలం చూసుకోమని ఒక దగ్గరి మనిషికి జీపీఏ ఇచ్చారు. ఆయన మెరక చేయించాడు, ప్రహరీ కట్టించాడు, బోరు వేయించాడు, ప్రతిదానికీ బిల్లు పంపేవాడు. నాన్నకి అనుమానం వచ్చి రద్దు చేద్దామంటే అప్పటికే రెండు బిట్లు అమ్మేసి ఉన్నాయి. పన్నెండేళ్ళయింది, ఇంకా తిరుగుతున్నాం. అందుకని నాకు పుల్ట్నీ బాధ తెలుసు. దూరాన కూర్చున్న వాడికి రోడ్డు ఎంత అవసరమో తెలీదు, బిల్లు మాత్రం ప్రతి ఓడలోనూ వస్తుంది. అక్కడ నిజంగా పని జరుగుతోందో లేదో చెప్పే మనిషి కూడా ఆ ఏజెంటే.

అయినా విలియమ్సన్ తిరిగి రాసిచ్చాడు చూశారా, మా వాళ్ళకి అలాంటి మనిషి దొరకలేదు.

---

జెనెసీవాసి | ఆదివారం ఉదయం 7:10

గోదారిపిల్ల గారూ, మీ నాన్నగారి విషయం చదివి బాధనిపించింది. మీ కేసు త్వరగా తేలాలని కోరుకుంటున్నా.

ఖర్చు దేనికి అయ్యింది అనేది ఒకసారి చెప్పుకోవాలి, లేకపోతే ఆయన దుబారా మనిషనే మిగిలిపోతుంది. అప్పుడు ఈ ప్రాంతానికి దక్షిణం నుంచి దారి లేదు. పెన్సిల్వేనియాలో సస్క్వెహన్నా నది దగ్గర నుంచి కొండల మీదుగా జెనెసీ నది దాకా అడవి కొట్టించి రోడ్డు వేయించాడు, ఇప్పటికీ పాత పుస్తకాల్లో దాన్ని విలియమ్సన్ రోడ్ అంటారు. ఆ రోడ్డు వెంట వచ్చే వాళ్ళకి మొదటి ఏడు పంట ఉండదు కదా, పిండి పంపించాడు. రంపపు మిల్లులు, పిండి మిల్లులు పెట్టించాడు. 1793లో బాత్ మొదలు, 1796కి స్టూబెన్ కౌంటీ ఏర్పడి బాత్ దాని ముఖ్యపట్టణం అయ్యింది, అదే ఏడు అక్కడ పత్రిక కూడా వచ్చింది. ఇక్కడే న్యూయార్క్‌లో ఉన్న జెనీవా అనే ఊళ్ళో సెనెకా సరస్సు ఒడ్డున హోటల్ కట్టించి దాన్ని నడపడానికి లండన్ నుంచి మనిషిని రప్పించాడు. లేక్ ఒంటారియో ఒడ్డున సోడస్ అనే రేవు మొదలెడితే, 1794లో కెనడా వైపు బ్రిటిష్ గవర్నర్ సిమ్‌కో ఒక అధికారిని పంపి, ఇది ఆపమని అభ్యంతరం చెప్పించాడు. ఆయన ఆపలేదు. ఒక మాజీ బ్రిటిష్ అధికారి, బ్రిటిష్ డబ్బుతో, బ్రిటిష్ గవర్నర్ మాట వినకుండా అమెరికాలో రేవు కడుతున్నాడు, ఆలోచించండి.

1795లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన లా రోష్‌ఫూకో-లియాంకూర్ అనే ప్రభువు బాత్‌లో ఆయన ఇంట్లోనే దిగి, ఆయన పనితీరు గురించి చాలా మెచ్చుకుంటూ రాశాడు.

---

లెక్కలమాస్టారు | ఆదివారం ఉదయం 8:25

రోడ్డు, మిల్లు నేను కాదనలేదు. బాత్‌లో థియేటర్ కట్టించాడే, అది దేనికి? గుర్రప్పందాల మైదానం దేనికి? 1796లో జరిగిన పందెంలో ఆయన గుర్రం వర్జీనియా నెల్, సిల్క్ స్టాకింగ్ అనే గుర్రం చేతిలో ఓడిపోయింది, జనం గుర్రాల మీద డబ్బే కాదు, భూములూ సామాన్లూ ఒడ్డారని చెప్పుకునేవాళ్ళు. చుట్టూ ఇంకా మొద్దులు పీకని పొలాలు.

జర్మన్ల సంగతి కూడా చెప్పండి మరి. కల్‌హౌన్ బెర్జీ అనే ఆయన ద్వారా హాంబర్గ్ నుంచి సుమారు 200 మందిని పంపించాడు. వాళ్ళకి సేద్యం అలవాటు లేదు, రోడ్డు పని చేయించబోతే అవస్థ, తిండికి కొరత, జెనెసీ దగ్గర విలియమ్స్‌బర్గ్‌లో దించితే కొన్నాళ్ళకి గొడవ చేసి విలియమ్సన్‌ని ఒక ఇంట్లో మూల నిలబెట్టారు. చివరికి 1794లో బెర్జీ వాళ్ళని కెనడాకి తీసుకెళ్ళిపోయాడు, అక్కడ మార్కమ్ అనే ఊరు కట్టుకున్నారు. ఆ డబ్బంతా పోయినట్టే.

---

జెనెసీవాసి | ఆదివారం ఉదయం 8:44

మాస్టారూ ఆ జర్మన్లని ఎంపిక చేసింది లండన్ వాళ్ళు. ఏజెంటు ఒళ్ళో తెచ్చి పడేశారు. తప్పు ఎంపిక చేసిన వాళ్ళది, ఖాతాలో పడింది ఈయన పేరున. పందాలు, థియేటరు ఎందుకంటే, ఆయనకి కావలసింది చేతిలో డబ్బున్న కొనుగోలుదారులు. వర్జీనియా, మేరీలాండ్ నుంచి పెద్ద రైతుల్ని రప్పించాలి, వాళ్ళు రావాలంటే అడవిలో వెలుగు కనపడాలి. మన దగ్గర వెంచర్ వేసే వాళ్ళు ముందు ఆర్చి, పార్కు కట్టి బస్సుల్లో జనాన్ని తీసుకొచ్చి భోజనాలు పెట్టరా, అదే పని. ఫలితం కూడా వచ్చింది, అది రాత్రికి రాస్తా, ఇప్పుడు పిల్లల్ని స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళాలి.

---

శారద_బోస్టన్ | ఆదివారం మధ్యాహ్నం 12:05

నేను చాలాసేపటి నుంచి చదువుతున్నాను, ఒకటి అడగాలనిపించింది. ఖర్చు ఎవరిది, సంతకం ఎవరిది అని మాట్లాడుకుంటున్నాం, ఈ 12 లక్షల ఎకరాలు అసలు ఎవరివి? సెనెకా జాతి వాళ్ళవి. 1788 జూలైలో బఫెలో క్రీక్ దగ్గర ఫెల్ప్స్, గోరమ్ అనే ఇద్దరు వాళ్ళ దగ్గర దాదాపు 26 లక్షల ఎకరాలు తీసుకున్నారు. జెనెసీ నదికి పడమటి వైపు ఇవ్వం అని సెనెకాలు పట్టుబడితే, పిండి మిల్లు కట్టుకోవడానికి కాస్త జాగా ఇవ్వండి చాలు అన్నారు, ఆ కాస్త జాగా 12 మైళ్ళ వెడల్పు, 28 మైళ్ళ పొడవు అయ్యింది. ఒక మిల్లుకి! డబ్బు విషయంలోనూ, మాకు చెప్పింది పదివేల డాలర్లు, చేతికొచ్చింది అయిదు వేలు అని సెనెకాలు వాదించారు, వాళ్ళ నాయకుడు కార్న్‌ప్లాంటర్ 1790లో ఫిలడెల్ఫియా వెళ్ళి అధ్యక్షుడు వాషింగ్టన్‌కే మొరపెట్టుకున్నాడు.

ఆ భూమి మోరిస్ చేతికి వచ్చాక, ఆ తరవాతి ఏడే లండన్లో ఈ బేరం. విలియమ్సన్ మంచివాడా, ట్రూప్ మంచివాడా అనే ముందు ఇది కూడా ఈ చర్చలో ఉండాలి కదా.

---

జెనెసీవాసి | ఆదివారం మధ్యాహ్నం 12:30

ఉండాలి అక్కా, తప్పకుండా ఉండాలి. నేను మొదటి పోస్టులోనే రాయాల్సింది, పొరపాటు నాదే. మేము రోజూ దాటే వంతెనల కింద పారేది ఆ నదే, మా రోచెస్టర్ డౌన్‌టౌన్‌లో నదికి పడమటి భాగం ఆ మిల్లు జాగాలోనే ఉంది.

---

కరణంగారిమనవరాలు | ఆదివారం సాయంత్రం 4:50

మంచి చర్చ. నేను మన వైపు చరిత్ర చదివేదాన్ని కాబట్టి ఒక మాట. 1801లో అక్కడ ఇది జరుగుతుంటే 1802లో ఇక్కడ ఉత్తర సర్కారుల్లో కంపెనీ వాళ్ళు శాశ్వత పైసలా పెట్టారు, జమీందార్లకి సన్నదులు ఇచ్చి పేష్కష్ (కంపెనీకి ఏటా కట్టాల్సిన సొమ్ము) స్థిరం చేశారు. రెండుచోట్లా దూరాన ఉన్నవాడికి రాబడి కావాలి, మధ్యలో ఒక మనిషి కావాలి. పోలిక అంతవరకే, మిగతాది వేరు. ఇక్కడ తరతరాలుగా రైతు ఉన్నాడు, శిస్తు వసూలే పని. అక్కడ రైతునే ఎక్కడి నుంచో తేవాలి. అందుకే నాకు మాస్టారి లెక్క పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాలేదు. మనుషుల్ని తెచ్చేవాడి ఖర్చు, వసూలు చేసేవాడి ఖర్చు ఒకే కొలతతో కొలవలేం.

ఇంకొకటి, అక్కడి రైతు కొన్నాడంటే పట్టా చేతికొచ్చినట్టు కాదు. కొంచెం కట్టి ఒప్పందం కాగితం తీసుకుంటాడు, మిగతాది వడ్డీతో వాయిదాలు. చెట్లు నరికి, బూడిద చేసి అమ్ముకుని, గోధుమ వేసి కట్టాలి. మార్కెట్‌కి తీసుకెళ్ళడానికి దారి లేకపోతే గోధుమ ఇంట్లోనే ఉంటుంది, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? రోడ్డు వేయడం ఆపేసి బాకీ కట్టు అంటే ఎలా కడతాడు. ట్రూప్ వచ్చాక జరిగింది అదే కదా, కొత్త ఖర్చులు బంద్, పాత బాకీలు వసూలు.

---

లెక్కలమాస్టారు | ఆదివారం సాయంత్రం 5:35

అమ్మా మీరు చెప్పిన దాంట్లో న్యాయం ఉంది. కానీ ట్రూప్‌ని వసూళ్ళ మనిషిగా మాత్రమే చూపించకండి. కాలేజీలో హామిల్టన్‌తో (తరవాత అమెరికా మొదటి ఆర్థిక మంత్రి) ఒకే గదిలో ఉన్నవాడు, విప్లవ యుద్ధంలో పనిచేశాడు, ఫెడరల్ జడ్జిగా చేసి ఆ పదవి వదిలి వచ్చాడు. 1801 నుంచి 1832లో చనిపోయేదాకా ఆ ఎస్టేటు చూశాడు. ముప్పై ఒక్క ఏళ్ళు! 1805లో పుల్ట్నీ వీలునామా లేకుండా పోయాడు, 1808లో ఆయన ఒక్కగానొక్క కూతురు, బాత్ కౌంటెస్ (ఇంగ్లండ్‌లో ఆమె బిరుదు) పోయింది, వారసత్వం చిక్కుముడి అయిపోయింది. ఆ గందరగోళంలో హక్కులు నిలబెట్టడానికి ఒక లాయరే కావాలి. విలియమ్సన్ ఉండి ఉంటే అడవిలో ఇంకో నాలుగు ఊళ్ళు కట్టేవాడేమో, కోర్టులో నిలబడగలిగేవాడు కాదు.

---

చింటూ_కాకినాడ | ఆదివారం సాయంత్రం 6:10

వకీల్ సార్, ఆ 1798 చట్టం ఎలా పాసైంది? విదేశీ వాళ్ళకి భూమి ఇవ్వడానికి అసెంబ్లీ ఎందుకు ఒప్పుకుంది?

---

వకీల్‌సాబ్_హన్మకొండ | ఆదివారం రాత్రి 7:25

పైసలు నడిచినయి తమ్మీ. పక్కనే హాలండ్ ల్యాండ్ కంపెనీ అని ఆమ్‌స్టర్‌డామ్ బ్యాంకులోళ్ళది ఇంకా పెద్ద భూమి ఉండె, సుమారు 33 లక్షల ఎకరాలు, వాళ్ళ బాధ కూడ ఇదే. అసెంబ్లీల ఆరన్ బర్, తర్వాత అమెరికా ఉపాధ్యక్షుడు అయినాయన, ఈ బిల్లుకు అండగ నిలబడ్డడు. హాలండోళ్ళు ఆయనకు 5,500 డాలర్లు అప్పు కింద ఇచ్చిన్రు, రాష్ట్ర అటార్నీ జనరల్ హాఫ్‌మన్‌కు 3,000 ముట్టినయి. ముచ్చట బయట పడ్డది, జాన్ చర్చ్ అని హామిల్టన్ బంధువు ఒకడు బర్ లంచం తిన్నడని నలుగుట్ల అన్నడు. బర్ ఊకుంటడా, 1799 సెప్టెంబర్ 2 నాడు ఇద్దరు పిస్తోళ్ళు పట్టుకొని నది దాటి హోబోకెన్ పోయిన్రు. ఎవ్వరికి ఏం కాలే, బర్ కోటుకు మాత్రం తూటా తాకింది. తర్వాత చర్చ్ తన మాట వాపస్ తీస్కున్నడు. బర్ హామిల్టన్‌ను చంపిన డ్యుయెల్ (ఇద్దరు ఒప్పుకొని పిస్తోళ్ళతోని చేసే పోరు) దీని తర్వాత అయిదేండ్లకు.

గప్పుడు విలియమ్సన్ కూడ అసెంబ్లీ మెంబరే, బర్‌కు దోస్తు. అంటే తన చేతిల కెళ్ళి భూమి పోయే చట్టం కోసం తనే పని చేసిండు. గిది కూడ లెక్కల రాసుకోండి మాస్టారూ.

---

సర్వే_గొలుసు | ఆదివారం రాత్రి 8:02

హాలండ్ కంపెనీ పేరు వచ్చింది కాబట్టి నేను మాట్లాడాలి. సర్వే శాఖలో చేసి రిటైరయ్యాను, నాకు జోసెఫ్ ఎల్లికాట్ అంటే చాలా గౌరవం. 1798 నుంచి 1800 దాకా ఆ 33 లక్షల ఎకరాలు కొలిపించాడు. దిక్సూచి ముల్లు నేలలో ఇనుము ఉన్నచోట, ఊరికి ఊరికి తేడా చూపిస్తుంది, గొలుసు పట్టుకుని పది మైళ్ళు పోయేసరికి గట్టు ఎక్కడో తేలుతుంది. అందుకని సరిహద్దు గీతకి దిక్సూచి వాడకుండా ట్రాన్సిట్ (దుర్భిణి బిగించిన సర్వే పరికరం) పెట్టి, నక్షత్రాలు చూసి, అడవిలో చెట్లు కొట్టించి చూపు సాగేంత దారి చేసి, పెన్సిల్వేనియా హద్దు నుంచి లేక్ ఒంటారియో దాకా తిన్నగా ఉత్తరానికి తీసుకెళ్ళాడు. మేము ఎండాకాలంలో కంది చేలల్లో గొలుసు లాగితేనే మధ్యాహ్నానికి కళ్ళు తిరిగేవి, ఆ మనుషులు చిత్తడి నేలల్లో, మంచులో లాగారు.

ఆయన బటావియాలో ఆఫీసు పెట్టి ఇరవై ఏళ్ళు ఏజెంటుగా ఉన్నాడు. విలియమ్సన్‌లా చేతికి ఎముక లేకుండా పెట్టలేదు, రోడ్లు వేయించాడు గానీ చూసి చూసి వేయించాడు. బఫెలో నగరం ప్లాను గీసింది ఆయనే. మరి ఆయన్నేం చేశారు? 1821లో ఆయన్నీ దించి ఫిలడెల్ఫియా వ్యాపారి జేకబ్ ఓటోని పెట్టారు. ఖర్చు చేసినవాణ్ణీ తీసేశారు, పొదుపు చేసినవాణ్ణీ తీసేశారు.

---

జెనెసీవాసి | ఆదివారం రాత్రి 8:30

అబ్బ, సర్వే గారూ, ఈ పోలిక కోసమే ఎదురు చూస్తున్నా. ఎల్లికాట్‌ని ఎందుకు దించారో కొంచెం చెప్పండి.

---

సర్వే_గొలుసు | ఆదివారం రాత్రి 9:06

రెండు వైపుల నుంచి పడింది. రైతులకి బాకీ పెరిగిపోయింది, 1812 యుద్ధంలో బఫెలోని బ్రిటిష్ వాళ్ళు తగలబెట్టారు, 1819లో ధరలు పడిపోయాయి, పేపర్లలో కంపెనీ మీద ఉత్తరాలు రావడం మొదలైంది. రెండోది రాజకీయం. భూమి ఆఫీసు చేతిలో ఉంటే పోస్టుమాస్టర్ నుంచి షెరీఫ్ దాకా తన మనుషులే, ఎల్లికాట్ చుట్టాలూ స్నేహితులూ కలిసిన గుంపుని జనం పెద్ద కుటుంబం అని పిలిచేవారు. ఆయన ఉన్న పార్టీ రెండుగా చీలాక అవతలి వాళ్ళకి కంపెనీ మీద కసి పెరిగింది. ఫిలడెల్ఫియాలో ఉండే జనరల్ ఏజెంట్ పాల్ బుస్టీ, మిలాన్ నుంచి వచ్చిన ఇటలీ మనిషి, ఎల్లికాట్‌ని నమ్మినవాడే, కానీ అసెంబ్లీ కంపెనీ మీద పన్ను వేస్తుందేమో, పట్టాలు పరీక్షిస్తుందేమో అన్న భయం. ఇక ఎల్లికాట్‌కే మనసు బాగుండటం లేదు, దిగులు మనిషైపోయాడు, పెళ్ళి పెటాకులు లేవు, ఆఫీసే ఇల్లు. దిగిపోయాక అది ఇంకా ముదిరింది. 1826లో న్యూయార్క్‌లో చికిత్సలో ఉండగానే ప్రాణం తీసుకున్నాడు. ఈ ముక్క రాయాలంటే నాకిప్పటికీ కష్టంగా ఉంటుంది.

ఓటో వచ్చి ఒక మంచి పని చేశాడు, డబ్బు లేనివాడు గొడ్లు, గోధుమలు తెచ్చి బాకీ కట్టుకోవచ్చన్నాడు. ఓటో పోయాక 1827లో ఏజెంటు అయింది ఎవరు? ఎల్లికాట్ మేనల్లుడు డేవిడ్ ఎవన్స్! మళ్ళీ అదే ఇంటికి. 1836 ఫిబ్రవరి 6న మేవిల్ అనే ఊళ్ళో కంపెనీ ఆఫీసు మీద రైతులు పడి కాగితాలు బయటకి లాగి తగలబెట్టారు. ఆ తరవాత అక్కడికి ఏజెంటుగా వచ్చినవాడే విలియం సీవర్డ్, తరవాత న్యూయార్క్ గవర్నర్, లింకన్ దగ్గర విదేశాంగ మంత్రి.

---

లెక్కలమాస్టారు | ఆదివారం రాత్రి 9:28

సర్వే గారూ మీ పోస్టు చదివాక నేను కొంచెం తగ్గుతున్నాను. పొదుపు చేసిన ఎల్లికాట్ కింద కూడా రైతు బాకీ తీరలేదంటే, ఒక్క విలియమ్సన్ ఖర్చునే పట్టుకుని వేలాడటం సరి కాదు. తీసేయడం తప్పు కాదనే మాట మీద మాత్రం ఉన్నాను, 1797 తరవాత అమ్మకాలు పడిపోయినప్పుడైనా చేయి వెనక్కి తీసుకోవాల్సింది.

---

కరణంగారిమనవరాలు | ఆదివారం రాత్రి 9:41

ట్రూప్ కింద కూడా అంతే మాస్టారూ. 1830 జనవరిలో బాత్‌లోనే రైతులు సభ పెట్టి, మా బాకీలు తగ్గించండి, భూమి ధర తగ్గించండి అని ఎస్టేటుకి విన్నపం రాసుకున్నారు. ట్రూప్ వచ్చి ముప్పై ఏళ్ళు కావస్తున్నా తీరలేదు. ఏజెంటు మారాడు, ఒప్పందం కాగితం మారలేదు.

---

జెనెసీవాసి | ఆదివారం రాత్రి 10:20

పొద్దున మాటిచ్చాను కదా, ఫలితం సంగతి. 1800లో మేరీలాండ్ హేగర్స్‌టౌన్ వైపు నుంచి ముగ్గురు పెద్దమనుషులు గుర్రాల మీద ఈ జెనెసీ లోయ చూడ్డానికి వచ్చారు, నథానియల్ రోచెస్టర్, చార్ల్స్ కారల్, విలియం ఫిట్జ్‌హ్యూ. విలియమ్సన్ ఎవరి కోసం ఆ రోడ్లు, ఆ పందాలు, ఆ ప్రచారం చేశాడో సరిగ్గా అలాంటి వాళ్ళు. 1803లో జెనెసీ జలపాతం పక్కన పాడుబడ్డ మిల్లు ఉన్న 100 ఎకరాలు పుల్ట్నీ ఎస్టేటు దగ్గర కొన్నారు, ఎకరం 17 డాలర్ల 50 సెంట్లు, మొత్తం 1,750 డాలర్లు. ఎకరం 15 పెన్నీలకి కొన్న భూమి మాస్టారూ! ఆ వంద ఎకరాలే ఇవాళ మేముండే రోచెస్టర్ నగరం మధ్యభాగం. అమ్మకం ట్రూప్ పుస్తకంలో పడింది, కొనేవాళ్ళని తెచ్చింది విలియమ్సన్.

1803 నాటికి ఆయన ఇక్కడ ఏజెంటు కాదు. కొన్నాళ్ళకి ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు, 1804లో బర్ బ్రిటిష్ రాయబారికి పంపిన రహస్య ప్రతిపాదన ఈయన చేతుల మీదుగానే వెళ్ళింది, అది ఇంకో పెద్ద కథ. 1808లో సముద్ర ప్రయాణంలో పచ్చజ్వరంతో పోయాడు. జెనెసీ, కనసరాగా కలిసేచోట ఆయన మొదట కట్టిన విలియమ్స్‌బర్గ్ ఇప్పుడు లేనే లేదు, పొలాలు.

---

వకీల్‌సాబ్_హన్మకొండ | ఆదివారం రాత్రి 10:42

జెనెసీ తమ్మీ, ఒక పని చేయగల్గుతవా? ఈసారి బాత్ పోయినప్పుడు కౌంటీ క్లర్క్ ఆఫీసుల పాత దస్తావేజు బుక్కులు అడుగు. 1801 మార్చి దస్తావేజు నకలు ఉంటే జర చూడు. అప్పటి న్యూయార్క్‌ల మొగని పేరున ఉన్న భూమిల భార్యకు మూడో వంతు మీద జీవితకాలం హక్కు ఉండె. మరి ఈయన పేరుకే మాలిక్ కదా, భార్య అబిగెయిల్ సంతకం కూడ తీస్కున్నరా లేదా అన్నది నాకు తెల్సుకోవాలని ఉన్నది. పట్టుకుంటే ట్రూప్ ఎంత గట్టి లాయరో అండ్లనే తెలుస్తది.

---

జెనెసీవాసి | ఆదివారం రాత్రి 10:50

శుక్రవారం లీవు పెడుతున్నా సార్. ఫొటో తీయనిస్తే ఫొటో, లేకపోతే చేత్తో రాసుకొచ్చి ఇక్కడ పెడతా.

---

శారద_బోస్టన్ | ఆదివారం రాత్రి 11:03

వెళ్తే 1788 ఒప్పందం నకలు ఎక్కడ ఉందో కూడా అడుగు తమ్ముడూ. అది బాత్‌లో కాదు, కనన్‌డైగ్వాలో ఒంటారియో కౌంటీ రికార్డుల దగ్గర అడగాలనుకుంటా, దారిలోనే కదా. సెనెకాల వైపు సంతకాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రా.